గేరు బాక్సు మళ్లీ ఎక్కించాక స్టార్టింగ్‌లో గేర్లు పడటం లేదు. ఒక డోవెల్, ఒక బోల్టు మిగిలాయి

ఏలూరు_స్విఫ్ట్:

బండి 2012 స్విఫ్ట్ పెట్రోల్, కే12ఎం ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్, క్లచ్ కేబుల్ రకం. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్చడానికి ఇంట్లోనే గేరు బాక్సు దించి మళ్లీ ఎక్కించాను. ప్రస్తుత పరిస్థితి ఇది.

ఎక్కించేటప్పుడు చివర్లో సుమారు 8 మిల్లీమీటర్ల సందు ఉండిపోయింది. ఎంత ఊపినా దగ్గరకు రాలేదు. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తూ లాగాను, టక్‌మని లోపలికి వెళ్లింది.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అయిదు గేర్లూ, రివర్సూ చక్కగా పడుతున్నాయి. స్టార్ట్ చేశాక పెడల్ పూర్తిగా తొక్కినా ఒక్క గేరూ పడదు, రివర్స్ గర్రుమని కొరుకుతోంది. పెడల్ మునుపటికంటే గట్టిగా ఉంది.

సెల్ఫ్ కొడితే ముందు రెండుసార్లు టిక్కుమంది, తర్వాత నీరసంగా తిరిగి స్టార్ట్ అయింది. బ్యాటరీ కొత్తదే. ఎడమవైపు యాక్సిల్ మొదలు దగ్గర ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. ట్రేలో ఒక బోలు డోవెల్ (గేరు బాక్సును ఇంజిన్‌కు సరైన చోట కూర్చోబెట్టే గొట్టంలాంటి పిన్ను), ఒక పొట్టి బోల్టు మిగిలాయి.

మళ్లీ మొత్తం దించాలా? దించకుండా కనిపెట్టగలిగేవి ఏమైనా ఉన్నాయా? మెకానిక్ షెడ్డు 3 కిలోమీటర్లే. మొదటి గేరులో పెట్టి స్టార్ట్ చేసి మెల్లగా తీసుకెళ్లొచ్చా?

పానా_సెట్టు:

నడపకండి, 3 కిలోమీటర్లు కాదు, 300 మీటర్లు కూడా వద్దు. డోవెల్ లేకుండా బిగించిన గేరు బాక్సు అది. షెడ్డుకే తీసుకెళ్లాలంటే ముందు చక్రాలు లేపి లాగించండి.

దించాల్సి రావడం దాదాపు ఖాయమే, డోవెల్ ఒక్కటి చాలు అందుకు. కానీ దించేముందు పైనుంచి చేయగలిగిన పరీక్షలన్నీ చేయండి. ఏం చెడిందో తెలియకుండా దించితే అదే తప్పుతో మళ్లీ ఎక్కిస్తారు.

ఆపి ఉన్నప్పుడు అన్ని గేర్లూ పడుతున్నాయంటే గేరు బాక్సు లోపలి భాగాలు, గేరు కేబుళ్లు రెండూ బాగున్నాయి. వాటి జోలికి పోవద్దు. తొక్కినా క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌ని (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువు చక్రాన్ని) పూర్తిగా వదలడం లేదు, అంతే. చాలా గేరు బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే రింగు) ఉండదు కాబట్టి ఈ లోపం ముందు అక్కడే అరుస్తుంది.

వదలకపోవడానికి మీ విషయంలో నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి: కేబుల్ పూర్తిగా లాగకపోవడం, ప్లేటు తిరగేసి పెట్టడం, బోల్టులతో లాగినప్పుడు ప్లేటు హబ్ (షాఫ్టు దూరే మధ్య భాగం) వంగడం, డోవెల్ లేక గేరు బాక్సు షాఫ్టు పక్కకు ఒరగడం. వీటిలో కేబుల్‌ని అరగంటలో తేల్చేయొచ్చు.

గేరు బాక్సు మీద రిలీజ్ లివర్ దగ్గర కేబుల్ కొస ఊడదీయండి. లోపలి తీగను చేత్తో పట్టి లాగి వదలండి, ఇంకొకరు పెడల్ దగ్గర ఉండి చూడాలి. వెన్నలో కత్తిలా జారాలి. ఎక్కడైనా గరుకుగా తగిలినా, ఆగి ఆగి వచ్చినా కేబుల్ పని అయిపోయినట్టే. తర్వాత లివర్‌ని చేత్తో ఊపండి. మొదట కాస్త ఖాళీ ఆట, ఆ తర్వాత రిలీజ్ బేరింగ్ ప్రెజర్ ప్లేటు వేళ్లకు (మధ్యలోని స్ప్రింగు రేకుల కొసలకు) తగిలి గట్టిగా ఆగడం తెలియాలి. ఆట మరీ ఎక్కువగా ఉండి లివర్ వదులుగా వేలాడుతుంటే ఫోర్కు (బేరింగ్‌ను నెట్టే చీలిక కడ్డీ) మీద నుంచి బేరింగ్ జారిపోయిందని అనుమానించాలి.

కేబుల్ మళ్లీ తగిలించి, సర్దుబాటు నట్టుతో పెడల్ దగ్గర ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ఖాళీ ఆట ఉండేలా పెట్టండి. ఆట ఎక్కువైతే క్లచ్ వదలదు. అసలు లేకపోతే ప్లేటు జారుతుంది, బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూ అరిగిపోతుంది.

ఇక ప్లేటు తిరగబడిందా అన్నది. దానిమీద ఫ్లైవీల్ వైపు ఏదో అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది. మామూలుగా స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు ప్రెజర్ ప్లేటుకు, అంటే గేరు బాక్సు వైపుకు రావాలి. తిరగేస్తే ఆ ఉబ్బు ఫ్లైవీల్ బోల్టు తలలకు ఒరుసుకుంటుంది. ఫోర్కు రంధ్రంలోంచి చూస్తే ప్రెజర్ ప్లేటు వేళ్లే కనిపిస్తాయి తప్ప ప్లేటు కనపడదు. పని చేస్తూ ఫోన్లో ఫొటోలు తీసి ఉంటే వాటిల్లో వెతకండి.

వైరింగ్_వాసు:

సెల్ఫ్ నీరసంగా తిరగడం, పెడల్ గట్టిపడటం: ఈ రెండింటికీ మూలం ఒకటే అయ్యుండొచ్చు. మీ ట్రేలోని పొట్టి బోల్టు ఎర్త్ వైరుది కావచ్చు.

బ్యాటరీ నెగటివ్ కేబుల్‌కు సాధారణంగా రెండు కొమ్మలు ఉంటాయి. ఒకటి బాడీకి, ఒకటి గేరు బాక్సు కేసుకు. ఇంజిన్, గేరు బాక్సు రెండూ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటాయి. కాబట్టి ఆ రెండో కొమ్మ లేకపోతే స్టార్టర్ లాగే వందకు పైగా ఆంపియర్ల కరెంటుకు తిరుగుదారి ఉండదు. దొరికిన ఇనుము మీదుగా వెళ్తుంది. ఇంజిన్‌నీ బాడీనీ కలిపే ఇనుము ఏముంది? క్లచ్ కేబుల్, గేరు కేబుళ్లు, యాక్సిలరేటర్ తీగ ఉంటే అది. క్లచ్ కేబుల్ బయటి తొడుగులో ఉక్కు చుట్ట ఉంటుంది, దాని లోపల నైలాన్ గొట్టం. ఉక్కు వేడెక్కితే నైలాన్ కరిగి తీగకు అతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే కేబుల్ ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటే సమాధానం దొరికినట్టే.

పరీక్ష ఇలా. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఒక మొన బ్యాటరీ నెగటివ్ సీసపు స్తంభం మీదే పెట్టాలి, క్లాంపు మీద కాదు. ఇంకో మొన గేరు బాక్సు మీద రంగు, మట్టి లేని బోల్టు తల మీద. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. 0.5 దాటితే లోపం ఉంది. వైరే లేకపోతే వోల్టుల లెక్కలో చూపిస్తుంది.

సెల్ఫ్ ఇంకోసారి కొట్టేముందు జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా గేరు బాక్సుకు పట్టించండి. అలా కాకుండా పదేపదే కొట్టి చూశారంటే గేరు కేబుళ్లు కూడా పోతాయి.

ఎర్త్ బిగించే చోట అల్యూమినియం మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్దండి. వైరు కొస నేరుగా కేసుకు ఆనాలి, మధ్యలో వాషర్ రాకూడదు. రివర్స్ లైటు స్విచ్ ప్లగ్గు కూడా అక్కడే ఉంటుంది, పెట్టారో లేదో చూసుకోండి.

మైలేజ్_మూర్తి:

తమ్ముడూ, ఎక్కువ రోజులు నిలబెట్టిన బండి అయితే ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. మూడో గేరులో పెట్టి, క్లచ్ తొక్కి పట్టుకుని, స్టార్ట్ చేసి బ్రేకు కొడితే ఊడి వస్తుంది. దించేముందు అది కూడా చూడు.

పానా_సెట్టు:

మూర్తి గారూ, వానాకాలమంతా కదలని బండికి ఆ పద్ధతి నిజమే. కానీ ఇక్కడ ప్లేటు కొత్తది, నిన్నమొన్న పెట్టినది, తుప్పు పట్టే వ్యవధి లేదు. పైగా డోవెల్ లేని గేరు బాక్సుకు ఆ కుదుపు ఇస్తే బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఇంజిన్‌కు బిగిసే గేరు బాక్సు భాగం) చెవి విరగొచ్చు. దయచేసి ఈ బండికి అది వద్దు.

ఏలూరు గారూ, కేబుల్ సంగతి తేలాక ఇంకో పరీక్ష చేయండి. ముందు రెండు చక్రాలూ నేల నుంచి లేపి బండిని స్టాండుల మీద పెట్టండి, జాకీ మీద కాదు. ఇంజిన్ ఆపే ఉండాలి. ఐదో గేరులో పెట్టండి. ఒకరు క్లచ్ పూర్తిగా తొక్కాలి, ఒకరు కుడి చక్రం కదలకుండా పట్టుకోవాలి, మీరు ఎడమ చక్రం మెల్లగా తిప్పాలి. కుడి చక్రం పట్టుకోకపోతే డిఫరెన్షియల్ వల్ల అది వెనక్కి తిరుగుతుంది, మీకేమీ తెలియదు. ఐదో గేరు ఎందుకంటే చక్రం ఒక చుట్టు తిరిగితే ప్లేటు సుమారు ఒకటిన్నర చుట్లే తిరుగుతుంది, చేతికి స్పష్టంగా తెలుస్తుంది. మొదటి గేరులో అయితే చాలా చుట్లు తిరగాలి, బరువుగా ఉంటుంది.

క్లచ్ పూర్తిగా వదిలితే చక్రం ఒకే బరువుతో తిరుగుతుంది. ఎలా తగులుతోందో గమనించి రాయండి.

ఏలూరు_స్విఫ్ట్:

చేశాను. ఎర్త్ వైరు నిజంగానే బ్యాటరీ ట్రే కింద వేలాడుతోంది. మీటర్ పెడితే సెల్ఫ్ కొట్టినప్పుడు 3 వోల్టుల పైనే చూపించింది. పొట్టి బోల్టు దానికే సరిపోయింది. బిగించాక 0.1కి వచ్చింది, సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది.

క్లచ్ కేబుల్ ఊడదీసి లాగితే మధ్యలో పట్టేస్తోంది. కొత్తది వేసి ఆట సర్దాను. పెడల్ మెత్తబడింది. రెండు, మూడు గేర్లు ఇప్పుడు బలవంతంగా పడుతున్నాయి, రివర్స్ ఇంకా కొరుకుతోంది.

పాత ఫొటోలో ప్లేటు స్ప్రింగుల ఉబ్బు బయటికే ఉంది, అక్షరాలు కనపడలేదు. అంటే సరిగ్గానే పెట్టాను.

చక్రం పరీక్షలో ఒకచోట పట్టేసి, వదిలి, చుట్టు పూర్తయ్యేలోపే మళ్లీ పట్టేస్తోంది. ఆయిల్ చుక్కలు అలాగే ఉన్నాయి.

పానా_సెట్టు:

పట్టి, వదిలి, మళ్లీ పట్టడం. ఇదే ముఖ్యమైన మాట.

షాఫ్టు ఒక్కటే పక్కకు ఒరిగి ఉంటే తగులుడు చుట్టంతా ఒకేలా ఉంటుంది, ఒరుగు బండితో పాటు నిలబడే ఉంటుంది కాబట్టి. ప్లేటు ఒక్కటే వంగి ఉన్నా ఒకేలా తగులుతుంది, వంగిన చోటు ఎటు తిరిగినా ఎదురుగా ఉన్నది చదునైన ఫ్లైవీలే. రెండూ కలిసినప్పుడే, వంగిన చోటు ఒరిగిన వైపుకు వచ్చిన ప్రతిసారీ పట్టేస్తుంది. మీకు డోవెల్ లేదని తెలుసు. ప్లేటు హబ్ కూడా వంగింది. ఆ 8 మిల్లీమీటర్లు బోల్టులతో లాగినప్పుడు షాఫ్టు పళ్లు హబ్ పళ్ల ముఖం మీద ఆని నెట్టాయి. టక్‌మన్నది అదే.

ఇక దించండి. దించాక చూడాల్సినవి:

ప్లేటును ఇన్‌పుట్ షాఫ్టు మీదికి ఎక్కించి, అంచు పక్కన ఒక తీగ కదలకుండా నిలబెట్టి, ప్లేటు తిప్పండి. తీగకూ అంచుకూ మధ్య సందు ఒక మిల్లీమీటరు మారినా ఆ ప్లేటు వాడకండి, కొత్తదైనా సరే. వంగిన ప్లేటును సుత్తితో సరిచేయడం కుదరదు.

బెల్ హౌసింగ్ మీద పగుళ్లు. బోల్టు చెవులు, డోవెల్ రంధ్రాల చుట్టూ జిడ్డు పూర్తిగా తుడిచి కిరోసిన్ గానీ డీజిల్ గానీ రాయండి. ఐదు నిమిషాలు ఆగి పొడిగా తుడిచి సుద్దముక్క రుద్దండి. పగులు ఉంటే అందులో దాగిన నూనె తెల్లటి సుద్ద మీదికి వెంట్రుకలాంటి నల్లగీతగా ఊరుతుంది. చెవి మీద గీత కనిపిస్తే ఆ కేసు బిగించకండి. అల్యూమినియం వెల్డింగ్ బాగా తెలిసిన చోటుకు తీసుకెళ్లండి, వెల్డింగ్ తర్వాత ముఖం చదునుగా ఉందో లేదో కూడా వాళ్ల దగ్గరే చూపించుకోండి.

ప్రెజర్ ప్లేటు వేళ్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. క్రాంక్ చివర పైలట్ బేరింగ్ ఉంటే వేలు పెట్టి తిప్పి చూడండి. ఇన్‌పుట్ షాఫ్టు పళ్ల కొసలు కమిలి ఉంటే సన్న ఆకురాయితో ముళ్లు మాత్రం తీసేయండి.

బోల్టు_బాబాయ్:

ఎక్కించే పద్ధతి గురించి నేను చెప్తాను, అసలు తప్పంతా జరిగింది అక్కడే.

బోల్టు పట్టి ఉంచుతుంది, డోవెల్ చోటు చూపిస్తుంది. ఎం10 బోల్టుకు రంధ్రం 11 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే బోల్టులన్నీ బిగించినా బాక్సు అర మిల్లీమీటరు పక్కకు కూర్చోగలదు. అది చాలు హబ్ పళ్లు, రిలీజ్ బేరింగ్, షాఫ్టు ముందు బేరింగ్ అరిగిపోవడానికి. డోవెల్‌లు రెండు ఉండాలి, ఎదురెదురు మూలల్లో. ఒకటి ట్రేలో ఉందంటే రెండోది ఇంజిన్‌లోనో బాక్సులోనో ఉందని కళ్లతో చూసుకోండి. వదులుగా జారిపోతుంటే కొత్తవి వేయండి. రంధ్రంలో తుప్పు ఉంటే గీకి, పలచగా నూనె రాసి ఇంజిన్ వైపు కొట్టి కూర్చోబెట్టండి.

రెండు గైడ్ స్టడ్డులు చేసుకోండి. 100 మిల్లీమీటర్ల ఎం10 బోల్టుల తలలు కోసేసి, కోసిన కొసకు స్క్రూడ్రైవర్ పట్టే గాడి పెట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త. జపాన్ బండ్లలో ఎం10 మర ఎక్కువగా 1.25 పిచ్‌ది (మరకూ మరకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో). మామూలు హార్డ్‌వేర్ షాపులో ఎం10 అంటే 1.5 చేతిలో పెడతారు. అది మూడు చుట్లు ఎక్కి ఆగుతుంది, పానా వేస్తే అల్యూమినియం మరలు చెడిపోతాయి. పాత బోల్టు తీసుకెళ్లి, మర పక్కన మర ఆనించి చూసి కొనండి. విజయవాడ ఆటోనగర్‌లోనైతే సన్న మర అని అడిగితే ఇస్తారు. ఇంజిన్‌కు చేత్తోనే ఎక్కాలి.

స్టడ్డులు పై రెండు రంధ్రాల్లో వేసి బాక్సును వాటి మీదుగా జార్చండి. బరువు స్టడ్డులు, జాకీ మోస్తాయి, ప్లేటు హబ్ మీద పడదు. మీరు బోల్టులతో లాగేముందు బాక్సు బరువంతా ఆ హబ్ మీదే వేలాడి ఉంటుంది.

బాక్సును ఏదో ఒక గేరులో ఉంచండి, అప్పుడు ఇన్‌పుట్ షాఫ్టు ఊరికే తిరిగిపోదు. పళ్లు కలవకపోతే ఇంకొకరు క్రాంక్ పుల్లీ బోల్టును రింగు పానాతో కొంచెం కొంచెం తిప్పాలి. చుట్టూ సందు ఒకేలా ఉందో లేదో చూపుడువేలు పెట్టి కొలవండి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే జాకీ ఎత్తు సర్దాలి. చివరి సెంటీమీటరు చేతుల నెట్టుడుతోనే రావాలి. రాకపోతే ఆగండి. ప్లేటు మధ్యకు లేదు, లేదా డోవెల్ ఒరిగింది, లేదా వైరు క్లిప్పో స్టార్టర్ బ్రాకెట్టో మధ్యలో ఇరుక్కుంది. ముఖం ముఖానికి పూర్తిగా ఆనాకే బోల్టు పట్టుకోవాలి.

బోల్టులు కలిసిపోతే ఇలా తేల్చండి: ఒక్కోటి రంధ్రంలో వేలితో ఎక్కించండి. చివరికి తల కింద సందు ఉండగానే గట్టిగా ఆగితే అది అక్కడికి పొడవైన బోల్టు. బిగుతుగా తగులుతుంది కానీ కేసును పట్టదు. నాలుగైదు చుట్లకే అయిపోతే పొట్టిది, అల్యూమినియం మర ఊడిపోతుంది. ఎం10కి అల్యూమినియంలో 15 మిల్లీమీటర్లైనా మర పట్టాలి.

పానా_సెట్టు:

ప్లేటు మధ్యకు పెట్టడం గురించి కూడా. ప్రెజర్ ప్లేటు బోల్టులు వేళ్లతో మాత్రమే ఎక్కించి, ప్లేటు నెడితే జరిగేంత వదులుగా ఉంచండి. అలైన్‌మెంట్ ప్లాస్టిక్ కడ్డీ లేకపోతే సాకెట్ ఎక్స్‌టెన్షన్‌కు ఇన్సులేషన్ టేపు చుట్టండి. హబ్ రంధ్రంలో ఆట లేకుండా సరిపోవాలి. తర్వాత ఎదురెదురు బోల్టులు అర చుట్టు అర చుట్టుగా రెండు మూడు విడతల్లో బిగించి, ఎం8 అయితే 23 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే కవర్ వంగుతుంది, వేళ్ల ఎత్తులు మారిపోతాయి.

షాఫ్టు పళ్లకు గ్రీజు మినపగింజంత చాలు. ప్లేటును ఒకసారి అటూ ఇటూ జార్చి, బయటికి నెట్టుకొచ్చిన గ్రీజు గుడ్డతో తుడిచేయండి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి లైనింగ్ మీద పడుతుంది, ఇక ప్రతిసారీ బండి కదిలేటప్పుడు వణుకే. కొత్త ప్లేటును ఆయిల్ చేతులతో ముట్టుకోవద్దు.

ఆయిల్ చుక్కలకు వస్తే, ముందు వేలికి అద్ది వాసన చూడండి. గంధకం వాసన ఘాటుగా ఉంటే గేరు ఆయిల్. ఆ వాసన లేకుండా బెల్ హౌసింగ్ అడుగు నుంచి కారుతుంటే క్రాంక్ వెనక సీల్. బాక్సు దింపే ఉంది కాబట్టి అది కూడా ఇప్పుడే మార్చేయండి, దాని కోసం మళ్లీ దించాల్సిన పని లేకుండా.

యాక్సిల్ దగ్గరైతే రెండు కారణాలు. షాఫ్టు పూర్తిగా కూర్చోలేదు, లేదా పొడిగా దూర్చినప్పుడు సీల్ పెదవి మడతపడింది. కూర్చుందో లేదో చూడటానికి లోపలి జాయింటు కప్పును పట్టి లాగండి, షాఫ్టును లాగితే జాయింటే ఊడుతుంది. కొస సర్క్లిప్ (స్ప్రింగు రింగు) గాడిలో పడితే రాదు. పడకపోతే సర్క్లిప్‌కు కాస్త గ్రీజు పెట్టి మధ్యకు నిలిపి ఒక్క ఊపుతో నెట్టండి, క్లిక్కుమని చేతికి తెలుస్తుంది. సీల్ ఎలాగూ కొత్తదే వేయండి. సైజు దానిమీదే అచ్చు వేసి ఉంటుంది. బయటి అంచుకు సరిపోయే సాకెట్‌తో గానీ పీవీసీ గొట్టం ముక్కతో గానీ సమంగా కొట్టి, పెదవికి గ్రీజు రాసి, అప్పుడు షాఫ్టు దూర్చాలి. చక్రం హబ్ నట్టు, అంచు నొక్కి కదలకుండా చేసే రకమైతే పాతది వాడకండి.

ఆయిల్ యాక్సిళ్లు రెండూ పెట్టాకే పోయండి. జీఎల్-4 అని డబ్బా మీద రాసి ఉండాలి. జీఎల్-5 వెనక డిఫరెన్షియల్‌కు మంచిదే కానీ ఇత్తడి సింక్రో రింగులున్న ఇలాంటి బాక్సుకు నేను పోయను. దాదాపు రెండు లీటర్లు పడుతుంది. కొలత కంటే లెవెల్ రంధ్రం నమ్మండి, బండి నాలుగు వైపులా సమంగా ఉండగా పక్క ప్లగ్గు అంచు దాకా వచ్చి పొర్లాలి. ముక్కు ఎత్తి ఉంచి పోస్తే తప్పుడు లెవెల్ వస్తుంది.

ఏలూరు_స్విఫ్ట్:

ప్లేటు వంగినట్టే ఉంటే కొత్తది తెస్తాను. ప్రెజర్ ప్లేటు కూడా మార్చాలా, అది సెట్టుగానే వస్తుంది?

పానా_సెట్టు:

వేళ్లన్నీ ఒకే ఎత్తులో ఉండి, రాపిడి ముఖం మీద నీలం మచ్చలు, గీతలు లేకపోతే అదే వాడొచ్చు. ఎత్తు చూడటానికి ఫ్లైవీల్‌కు బిగించాక వేళ్ల కొసల మీద ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి. ఒక వేలుకూ ఇంకోదానికీ తేడా అర మిల్లీమీటరు దాటితే సెట్టు కొనండి. రిలీజ్ బేరింగ్ మాత్రం చేత్తో నొక్కి తిప్పి చూడండి, ఇసుక ఉన్నట్టు తగిలితే మార్చాలి.

బండి నేల మీదికి దిగాక చక్రాల నట్లు 85 న్యూటన్ మీటర్లు. మొదటి స్టార్ట్ న్యూట్రల్‌లో. క్లచ్ తొక్కి మూడు లెక్కపెట్టి రివర్స్ వేయండి, శబ్దం లేకుండా పడాలి. కొత్త లైనింగ్ ముఖం సర్దుకునేదాకా, మొదటి 300, 400 కిలోమీటర్లు, ఫ్లైఓవర్ ఎక్కుడులో క్లచ్ మీద బండిని నిలబెట్టొద్దు. 100 కిలోమీటర్ల తర్వాత పెడల్ ఆట ఇంకోసారి కొలవండి. కొత్త కేబుల్ కాస్త సాగుతుంది, ఆట పెరిగి ఉంటుంది.